కదిపితే రాయాలి

“ఆ కుర్చీలో కూర్చోకు తమ్ముడూ, దానికి సీటు లేదు. చట్రంలో ఇరుక్కుపోతావు, నిన్ను బయటికి లాగే ఓపిక నాకు లేదు. ఆ స్టూలు లాక్కో. కాయితం తెచ్చావా? సరే. ముందు విను, తర్వాత రాద్దువుగాని. వినకుండా రాయడం మొదలుపెట్టావంటే నీకూ ఆ ఆఫీసరమ్మకీ తేడా ఉండదు.”

టైపాయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కోర్టు ఎదురు సందులో జనానికి అర్జీలు టైపు చేసిపెట్టే మనిషి. ఎవరేం చెప్పినా చివరిదాకా వినే అలవాటు ఉంది. అందుకే ఆయన కొట్టు ముందు మనుషులెక్కువ, గల్లాపెట్టెలో చప్పుడు తక్కువ. కుర్చీలక్క మధ్యాహ్నం కబురు పెడితే ఉన్నపళంగా వచ్చాడు.

కుర్చీలక్క అన్నది కోర్టంతా పిలిచే పేరు. ఫ్యామిలీ కోర్టు మెట్ల వెనక గదిలో, చూపులేని ఆ మనిషి పంతొమ్మిదేళ్ళుగా కుర్చీలు అల్లుతోంది. పేముబద్దలు బకెట్లో నానబెట్టి, చట్రం చుట్టూ ఉన్న చిల్లుల్లోంచి ఒక్కొక్కటీ లాగి, నిలువునా, అడ్డంగా, ఐమూలగా వేసుకుంటూ పోతుంది. సీటుకి రెండు రోజులు పడుతుంది. ఆ బిల్డింగులో జడ్జి దగ్గర్నుంచి గేటు మనిషి దాకా ఎవరు కూర్చున్నా ఆమె చేతి పని మీదే కూర్చోవాలి. ఏ సీటు ఎటు కుంగిందో తడిమి, అందులో కూర్చునేవాడి బుద్ధి చెప్పేస్తుంది. విడాకుల వకీళ్ళ కుర్చీలన్నీ ముందంచునే తెగుతాయట, లేచి అరవడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు కాబట్టి.

ఇవాళ మాత్రం ఆమె చేతుల్లో పని లేదు. ఒళ్ళో ఒక మెమో ఉంది. నిన్న కమిటీ మీటింగులో దుష్ప్రవర్తనకి మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని.

“చదివి వినిపించారా దీన్ని?” అన్నాడు టైపాయన.

“ఆహా, అటెండరు చేత గట్టిగా చదివించారు. వరండాలో. అందరూ వినేలా. నాకు సంబంధించిన కాయితం నాకు చదివి వినిపించడం ఈ కోర్టు చరిత్రలో ఇదే మొదటిసారి.”

ఆమె నవ్వలేదు. టైపాయనా నవ్వలేదు.

“నా కేసు నీకు తెలుసుగా?”

“వాళ్ళూ వీళ్ళూ చెప్పగా విన్నాను. మీ నోట వినలేదు.”

నాలుగేళ్ళ కింద ఆమె మొగుడు విడిపోయి, చూపులేని తల్లి బిడ్డని పెంచలేదు, పాపని నాకిప్పించండి అని కోర్టుకెక్కాడు. ఏ కోర్టులో ఆమె కుర్చీలు అల్లుతోందో ఆ కోర్టుకే. ఇల్లెలా ఉందో చూసి రిపోర్టు రాయమని జడ్జి ఆఫీసరమ్మని పంపాడు. ఇళ్ళకి వెళ్ళి చూసి రాయడమే ఆ ఆఫీసరమ్మ ఉద్యోగం.

“పాపకి అప్పుడు ఆరేళ్ళు. ఆయాసం ఉండేది. రెండు సీసాలు. పొద్దుటి మందుకి ఒక రబ్బరుబ్యాండు చుట్టేదాన్ని, రాత్రి మందుకి రెండు. గోడ అలమరలో కింది అర, ఎడం చివర. రెండేళ్ళలో ఒక్కపూట తప్పలేదు, ఒక్కపూట మారలేదు. ఆవిడ వచ్చింది. మర్యాదకి టీ పెడదామని వంటింట్లోకి వెళ్ళాను. వచ్చేలోగా ఆ తల్లి నా అలమర సర్దింది. సాయం చేస్తోందట! రబ్బరుబ్యాండ్లు చిందరవందరగా ఉన్నాయని పీకేసింది. సీసాలు పిల్లకి అందకూడదని బీరువా మీద పెట్టింది. పెట్టి, టీ తాగి, మూతి తుడుచుకుని, ఏదీ పాపకి మందు వేసి చూపించమ్మా అంది.”

ఆమె వేళ్ళు గాలిలో ఆ అరని తడిమాయి. ఎడం చివర, కుడి చివర, మళ్ళీ ఎడం చివర.

“రిపోర్టులో ఏం రాసిందో నాకు కంఠతా వచ్చు. ‘బిడ్డకు మందు వేయమనగా తల్లి నాలుగు నిమిషాలు వెతికినది. దొరకలేదు.’ అంతే. అబద్ధం ఒక్కటి లేదు చూడు అందులో! నిజంగా నాలుగు నిమిషాలు వెతికాను. నిజంగా దొరకలేదు. పాప చెప్పింది, అమ్మా, ఆంటీ బీరువా మీద పెట్టిందే అని. ఆ మాట కోర్టులో చెబితే, పిల్లకి తల్లి నూరిపోసింది అన్నారు. సాక్ష్యమేదమ్మా అన్నారు. సాక్ష్యం ఆరేళ్ళ పిల్ల. ఆ సాక్ష్యాన్ని తీసుకెళ్ళి వాళ్ళ నాన్న చేతిలో పెట్టారు.”

అప్పట్నుంచి రెండు వారాలకోసారి శనివారం, రెండు గంటలు, ఇదే బిల్డింగు పై అంతస్తులో ఒక గదిలో కూతుర్ని కలుస్తోంది. ఆఫీసరమ్మ ఎదురుగా కూర్చుని ఉంటుంది. పిల్లకిప్పుడు పదేళ్ళు.

“పోయిన నెల నన్ను అడిగింది. అమ్మా, నా మందు నీకు దొరకలేదట కదా, నేను అక్కడే ఉన్నాను కదా, మరి నేనెందుకు చెప్పలేదు అని. నువ్వు చెప్పావే తల్లీ, నువ్వొక్కదానివే చెప్పావు అన్నాను. అనేసరికి అటునుంచి ఆవిడ, కేసు విషయాలు మాట్లాడకూడదు అంది. పిల్ల నోరు మూసుకుంది. తమ్ముడూ, నా బిడ్డకి తన కళ్ళతో చూసింది గుర్తులేదు. ఆవిడ రాసిందే గుర్తుంది.”

ఆదివారాలు పిల్లని ఇంటికి పంపమని ఆమె మళ్ళీ అర్జీ పెట్టుకుంది. వచ్చే నెల విచారణ. దానికోసం ఆఫీసరమ్మ మళ్ళీ ఇంటికొస్తుంది. మళ్ళీ చూస్తుంది. మళ్ళీ రాస్తుంది.

ఇంతలో కమిటీ దిగింది. ఫ్యామిలీ కోర్టు పద్ధతులు మార్చడానికి, ఒకప్పుడు ఇక్కడే జడ్జిగా చేసి రిటైరైన పెద్దాయన అధ్యక్షుడుగా, పదిమంది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి కొత్త నియమాలు. వికలాంగుల అభిప్రాయం కూడా తీసుకోవాలని పైనుంచి ఉత్తర్వు ఉందట. ఊరంతా వెతికే శ్రమ ఎందుకని బిల్డింగులో ఉన్న ఇద్దర్నే పిలిచారు. ఒకరు కుర్చీలక్క. రెండోవాడు రికార్డు గదిలో పాత ఫైళ్ళు కుట్టే బైండరు. అతనికి పుట్టు చెవుడు, మాట రాదు.

“పదకొండేళ్ళుగా అతనిదీ నాదీ పక్కపక్క గదులు. నేను మాట్లాడితే అతనికి వినపడదు. అతను రాస్తే నాకు కనపడదు. దారం అయిపోతే వస్తాడు, భుజం మీద రెండుసార్లు తడతాడు, నేను దారపు ఉండ ఇస్తాను. మొగుడూ పెళ్ళాల కంటే నయం, ఒక్కసారి తగువు పడలేదు. నిన్నటిదాకా.”

“ఆయనదీ ఇక్కడే కేసు కదూ?”

“ఇక్కడే. విడాకులప్పుడు ఇతని సైగలు చెప్పడానికి కోర్టు ఎవరిని పెట్టిందో తెలుసా? సొంత బావమరిదిని. పెళ్ళాం తమ్ముణ్ణి! ఇతను చేతులు ఊపుతుంటే, మా బావ అన్నిటికీ ఒప్పుకుంటున్నాడండీ అన్నాడట వాడు. సంతకం పెట్టాకగాని కొడుకుని వదులుకున్నానని ఇతనికి తెలియలేదు.”

కమిటీ ఇద్దరికీ చెరి మూడు నిమిషాలు ఇచ్చింది. సైగలు చెప్పే మనిషిని పెట్టమంటే సమయం లేదన్నారు, కాయితం మీద ప్రశ్న రాసిస్తాం, జవాబు రాసిస్తాడులే అన్నారు. ఇక ఆ కమిటీకి కార్యదర్శి ఎవరనుకున్నారు? ఆఫీసరమ్మే.

“నాకా మాట తెలిశాక ఒళ్ళు మండిపోయింది. మూడు నిమిషాల్లో నేను ఏం చెప్పినా, అయ్యో పాపం అంటారు, చప్పట్లు కొడతారు, ఫొటో తీసుకుంటారు. నా బాధ వాళ్ళకెందుకు? నాకు కావలసింది ఒక్క నియమం. ఇంటికొచ్చిన అధికారి ఏ వస్తువూ కదపకూడదు. కదిపితే ఏది, ఎక్కణ్ణుంచి ఎక్కడికి కదిపారో రిపోర్టులో రాయాలి. ఆ రిపోర్టు ఆ మనిషికి చదివి వినిపించాకే ఫైలుకెక్కాలి. ఇది పడితే వచ్చే నెల ఆవిడ నా ఇంట్లో చేతులు కట్టుకుని నిలబడాలి. ఇది చెబితే వాళ్ళకి అర్థమవుతుందా? కాదు. జరిగితే అర్థమవుతుంది. అందుకని జరిపిద్దామనుకున్నాను.”

“అంటే?”

“పెద్దాయన కళ్ళద్దాలు తీసేద్దామనుకున్నాను.”

టైపాయన చేతిలో కాయితం చప్పుడైంది.

“నవ్వుతున్నావా?”

“లేదక్కా. పెన్ను జారింది.”

“నవ్వుకో. చేసేటప్పుడు నాకూ నవ్వే వచ్చింది.”

ఆమె పథకం తేలికైనదే. మధ్యలో టీ విరామం ఉంటుంది, అందరూ వరండాలోకి పోతారు, సామాన్లు బల్ల మీదే ఉంటాయి. హాల్లో ఆమె అడుగుపెడితే ఎవరూ ఎందుకని అడగరు, కుర్చీలు చూసుకోవడానికి వచ్చిందనుకుంటారు. పెద్దాయన ముందున్న అద్దాలు తీసి కిటికీ గట్టు మీద కర్టెను వెనక పెట్టడం. తన వంతు వచ్చినప్పుడు ఒక కాయితం ఆయన చేతికిచ్చి, చదవండి అనడం. ఆయన తడుముకుంటుంటే నిమిషాలు పైకి లెక్కపెట్టి, “కమిటీ అధ్యక్షుడు నాలుగు నిమిషాలు వెతికినాడు, దొరకలేదు, రాసుకోండి” అనడం.

ఆ హాల్లో బల్ల గుండ్రంగా ఉంటుంది. దానికి మొదలూ చివరా లేదు. అయినా పెద్దాయన చోటు కనుక్కోవడం ఆమెకి చిటికెలో పని. జడ్జిగా ఉన్నప్పుడు ఆయన బరువుకి రెండు సీట్లు తెగితే, మూడోది రెట్టింపు బద్దలతో ఆమే అల్లింది. బిల్డింగు మొత్తం మీద అలాంటి సీటు ఒక్కటే. వరసగా కుర్చీలు తడుముకుంటూ పోయింది, రెట్టింపు అల్లిక చేతికి తగిలింది, దాని ఎదురుగా బల్ల మీద అద్దాల పెట్టె తగిలింది. తీసి కర్టెను వెనక పెట్టింది. మెట్ల వెనక తన గదికి వచ్చి కూర్చుంది. హాయిగా ఉంది.

ఆమెకి తెలియనిది ఒక్కటే. ఆ రోజు పెద్దాయనకి నడుం నొప్పి. పొద్దున్నే పై అంతస్తు నుంచి మెత్తటి కుర్చీ తెప్పించుకున్నాడు. ఆయన పాత కుర్చీని అటెండరు జరిపేసి, పిలిచిన వికలాంగులకి కేటాయించిన చోట పడేశాడు.

విరామం అయ్యాక ముందు బైండరు వంతు. కుర్చీలక్క గోడవారన కూర్చుని వింటోంది. ఎవరో ప్రశ్న రాసి అతని ముందుకి కాయితం నెట్టారు. అది బల్ల మీద జారిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. తర్వాత జేబులు చరుచుకుంటున్న చప్పుడు. చొక్కా జేబు, పక్క జేబు, మళ్ళీ చొక్కా జేబు. కుర్చీ వెనక్కి జరిగింది. మనిషి వంగి బల్ల కింద వెతుకుతున్నట్టు ఆయాసం. మళ్ళీ జేబులు.

“అప్పుడు అవతలి పక్క నుంచి పెద్దాయన గొంతు వినపడింది తమ్ముడూ. ప్రశ్న మళ్ళీ చదివాడు, చక్కగా, తడుముకోకుండా. ఆ గొంతు ఉండాల్సిన చోట లేదు.”

“ఆయన అద్దాలు ఆయన ముక్కు మీదే ఉన్నాయి.”

“మరే.”

ఆఫీసరమ్మ మాట వినపడింది, మెల్లగా, మర్యాదగా: “రాసింది ఆయనకి అర్థం కావట్లేదండీ. మేము మొదట్నుంచీ చెబుతున్నది అదే. కోర్టులో తనకి అర్థం కాలేదని వీళ్ళు తర్వాత ఫిర్యాదు చేస్తారు, అసలు ఇబ్బంది ఇక్కడుంది.” మీటింగులో జరిగింది మినిట్స్‌గా రాసే గుమాస్తా వైపు తిరిగినట్టుంది. “రాసుకోండి. ప్రశ్నలకు జవాబు ఇవ్వలేకపోయారు.”

పెన్ను కదిలిన చప్పుడు. బైండరు ఇంకా జేబులు చరుచుకుంటూనే ఉన్నాడు. తన గురించి ఏం రాశారో అతనికి తెలియదు.

కుర్చీలక్క లేచి నిలబడింది. “అర్థం కాక కాదు. అద్దాలు లేక. తీసింది నేనే.”

గుమాస్తా పెన్ను చప్పుడు ఆగింది.

“ఏమిటమ్మా?” అన్నాడు పెద్దాయన.

“ఈయన అద్దాలు నేను తీశాను. కిటికీ గట్టు మీద కర్టెను వెనక ఉన్నాయి. ఇచ్చెయ్యండి.”

“ఎందుకు తీశావు?”

“ఈయనవని తెలియదు. మీవనుకున్నాను.”

“నావా? నా అద్దాలతో నీకేం పని?”

“మీరు వెతుక్కుంటుంటే రాయించాలని.”

పెద్దాయన కుర్చీలో కదిలాడు. ఆ మెత్తటి కుర్చీ కీచుమంది. “నువ్వు ఈ కోర్టు ఉద్యోగివి. నీ వెటకారానికి ఇదా చోటు?”

“వెటకారం కాదండీ. నా ఇంట్లో ఇదే చేశారు. చేసినావిడ మీ పక్కనే కూర్చుంది.”

“సార్,” అంది ఆఫీసరమ్మ, “నడుస్తున్న కేసు గురించి...”

“నడుస్తున్న కేసు సంగతి నాకొద్దు,” అంది కుర్చీలక్క. “మీ గుమాస్తా ఇందాక రాసింది కొట్టెయ్యమనండి. జవాబు ఇవ్వలేకపోయారు అని కాదు. అద్దాలు తీసేశారు, అందుకని ఇవ్వలేకపోయారు, తీసింది ఫలానా అని రాయమనండి.”

“రాసింది రాసిందే,” అంది ఆఫీసరమ్మ. “జరిగినదే రాశారు. ఇక ఆయన సమయం కూడా అయిపోయింది.”

“అయితే నా మూడు నిమిషాలు ఆయనకివ్వండి.”

నాలుగేళ్ళుగా ఆమె లోపల నూరుకుంటున్న నియమం, కామాతో సహా సిద్ధంగా ఉన్నది, అదీ ఆ మూడు నిమిషాలతోనే పోయింది. పెద్దాయన వాచీ చూసుకుని, ఇవ్వండి, త్వరగా కానివ్వండి అన్నాడు.

ఎవరో అద్దాలు తెచ్చిచ్చారు. ఎందుకు పోయాయో కూడా కాయితం మీద రాసి చూపించినట్టుంది, బైండరు గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఆ తర్వాత పెన్ను కాయితాన్ని గీరుతూ పోయింది, చింపేస్తుందా అన్నంత గట్టిగా. మూడు నిమిషాలూ గీరింది. గుమాస్తా అందుకుని చదివాడు.

‘నా కేసులో నా మాటలు నా బావమరిది చెప్పాడు. అవి నా మాటలు కావు. సైగలు చెప్పే మనిషి అవతలి వాళ్ళ చుట్టం కాకూడదు. సంతకం ముందు నాకు రాసి చూపించాలి. ఇంకా రెండు సంగతులు రాసేవాణ్ణి. కుర్చీలామె నా సమయం తినేసింది.’

“ఎవరో కిసుక్కుమన్నారు,” అంది కుర్చీలక్క. “నన్ను దాటుకుని పోతూ బైండరు భుజంతో తోశాడు. తగిలి కాదు, తోశాడు. పదకొండేళ్ళలో అతను నాతో స్పష్టంగా చెప్పిన మాట అదొక్కటే.”

టైపాయన కాయితం ఒళ్ళో సర్దుకున్నాడు. ఆమె మాట ముగిసిందో లేదో తేల్చుకుని అప్పుడడిగాడు: “ఇప్పుడు మెమోకి సంజాయిషీ రాయాలా?”

“మెమో సంగతి రేపు చూద్దాం. నిన్న లేచేముందు పెద్దాయన అన్నాడు, ఇంకేమైనా ఉంటే రేపు ఐదింటిలోగా రాసి, కాయితాలు తీసుకునే ఇన్‌వార్డులో ఇవ్వండి అని. అది రాయి. నా నియమం ఇందాక చెప్పానుగా, ఆ మూడు ముక్కలూ రాయి. దానికింద కారణం రాయి.”

“మందు సీసాల సంగతి?”

“వద్దు.”

“అదేమిటక్కా, అసలు సంగతి అదేగా.”

“దానికి సాక్ష్యం లేదన్నారుగా నాలుగేళ్ళ కిందే. మళ్ళీ అదే రాస్తే, కేసు ఓడిపోయిన మనిషి ఏడుపు అని మడిచి పక్కన పెడతారు. కారణం కింద ఇలా రాయి. ‘నిన్న మీ ముందే కుర్చీలు అల్లే నేను ఒక మనిషి అద్దాలు అతనికి చెప్పకుండా కదిపాను. అతను జవాబు చెప్పలేకపోయాడు. చెప్పలేకపోయాడు అన్నది మాత్రం మీరు రాశారు. నేను కదిపింది రాయలేదు. నేను అప్పుడే ఒప్పుకున్నా రాయలేదు. పదిమంది కమిటీ ఎదుట ఇలా జరిగితే, తలుపేసి ఉన్న ఇంట్లో ఏం జరుగుతుందో మీరే ఆలోచించండి. అతని మినిట్స్ సరిచెయ్యండి.’ అంతే.”

టైపాయన రాశాడు. రాసింది చదివి వినిపించాడు. ‘ఆలోచించండి’ దగ్గర ఆమె ఆపింది. “ఆలోచించండి తీసెయ్. వాళ్ళకి పని చెప్పినట్టుంటుంది.” తీసేశాడు.

“అక్కా, ఒక మాట. ఇది ఇచ్చారంటే మెమోకి మీరే సాక్ష్యం చేతిలో పెట్టినట్టు. నేను తీశాను అని మీ వేలిముద్రతో ఉంటుంది. ఏదో పొరపాటున చెయ్యి తగిలి పడిపోయాయని రాస్తే...”

“పొరపాటున కర్టెను వెనక పడ్డాయా?”

“ఉద్యోగం పోతేనో? వచ్చే నెల కేసులో అదొకటి పట్టుకుంటారు.”

“పట్టుకుంటారు. నాకు తెలియదా? నిద్దర పట్టలేదు తమ్ముడూ, అందుకే.” ఆమె గొంతు మొదటిసారి కొంచెం కిందికి దిగింది, వెంటనే మళ్ళీ లేచింది. “ఆవిడ కదిపిందని నాలుగేళ్ళు మొత్తుకున్నా ఒక్కడు నమ్మలేదు. నేను కదిపాక ఏమైందో పదిమంది చూశారు, నేను ఒప్పుకున్నది విన్నారు, మెమో కూడా ఇచ్చారు. వస్తువు కదిపితే మనిషి చేతకానివాడైపోతాడు అనడానికి ఈ లోకంలో నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. నేను చేసిన వెధవపనే. దాన్నీ పొరపాటు చేసి పారేసుకోమంటావా? ఇంకు ఇటు తే.”

టైపాయన ఆమె బొటనవేలు పట్టుకుని ఇంకు అద్ది, కాయితం చివర ఎక్కడో చెప్పి, ఒత్తించాడు. ఆమె వేలు బకెట్లో ముంచి చీరకి తుడుచుకుంది.

“ఇక వెళ్ళు. గంటన్నర ఉందేమో. తిన్నగా పైకి పోకు, ముందు రికార్డు గదికి వెళ్ళు. బైండరుకి ఇది చూపించు. అతని సంగతి అతనికి చూపించకుండా ఫైలుకెక్కిస్తే నేనూ వాళ్ళూ ఒకటే. కసురుకుంటాడు, కాయితం విసిరికొడతాడు, పడి ఉండు. అద్దాలు పెట్టుకున్నాకే చదవమను. అతను ఏ మాట కొట్టేస్తానంటే ఆ మాట కొట్టెయ్యనీ, తీసింది నేనే అన్నది తప్ప. ఇంకా రెండు సంగతులు ఉన్నాయన్నాడుగా, అవి కింద రాస్తాడేమో అడుగు, చోటు ఉంచావు కదా? ఆ తర్వాత ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర వేయించు. రేపు రండి అంటారు, కదలకు. ముద్ర పడిన కాపీ నా చేతికి తెచ్చివ్వు. అతను రాసింది కూడా నాకు చదివి వినిపించాలి, తిట్లుంటే తిట్లతో సహా.”